రీజన్ గడి ఖాళీగా ఉన్న ఎర్ర ట్యాగు

మా చిన్నప్పుడు... హిందీ మాట్లాడే గోవింద్‌పూర్‌లో మా ఇంట్లో ఏ వస్తువుకి ఎప్పుడు ఎర్ర ట్యాగు పడుతుందో ఎవరికీ తెలిసేది కాదు.

నాన్నది కంపెనీలో మెయింటెనెన్స్ పని. ఏ మెషీన్ బాగుచేయాలన్నా ముందు దాని స్విచ్‌కి ఎర్ర అట్ట ఒకటి కట్టాలి... పైన ‘డు నాట్ ఆపరేట్’ అని, కింద పేరు, తేదీ, రీజన్ అని మూడు గళ్ళు. కట్టినవాడే విప్పాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా దాని మీద చెయ్యి వేయకూడదు. ‘జో బాంధా, వహీ ఖోలేగా’ అని అన్నం తింటూ కూడా చెప్పేవాడు నాన్న.

ఆయన చదివింది ఐదో తరగతి. వచ్చిన ఇంగ్లీషంతా ప్లాంటు గోడల మీదదే... స్టాప్, డేంజర్, నాట్ అలౌడ్, ప్రొహిబిటెడ్, రిస్ట్రిక్టెడ్. అన్నీ ఆపే మాటలే. వెళ్ళమనే మాట ఒక్కటీ లేదు. టీవీ పెడితే ‘ప్రొహిబిటెడ్’. ఎండలో ఆడితే ‘నాట్ అలౌడ్’. మాట వినకపోతే తన రేకు డబ్బాలోంచి మిగిలిపోయిన ట్యాగు ఒకటి తీసి కట్టేసేవాడు. టీవీకి, క్యారమ్ బోర్డుకి, ఒకసారి ఆవకాయ జాడీకి కూడా... మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. కానీ విప్పేవాళ్ళం కాదు.

ఎనిమిదో తరగతిలో నా సైకిలుకి కట్టాడు.

అప్పుడు నవ్వు రాలేదు. ఆ ఆదివారం అగ్రికో గ్రౌండులో అమ్మాయిల ఫుట్‌బాల్ సెలక్షన్. సైకిలు లేకపోతే నాకు అంత దూరం వెళ్ళే దారే లేదు.

“ఎందుకు నాన్నా?”

“పెద్దదానివైపోతన్నావు. నాట్ అలౌడ్. అంతే.”

ట్యాగు తిప్పి చూశాను. పేరు రాశాడు. తేదీ రాశాడు. రీజన్ గడి ఖాళీ. ఒళ్ళు మండిపోయింది నాకు. మెషీన్‌కైతే ఇలా కారణం రాయకుండా కడతాడా ఈయన?

శనివారం పొద్దున్నే, నాన్న ఫస్ట్ షిఫ్ట్‌కి బయల్దేరేలోపు, అదే డబ్బాలోంచి ఒక ట్యాగు తీసి ఆయన స్కూటర్ హ్యాండిల్‌కి కట్టాను. నా పేరు, తేదీ రాశాను. రీజన్ గడిలో, అమ్మ నేర్పిన తెలుగులో వంకరటింకరగా... ‘నా సైకిలుకి రీజన్ రాయలేదు.’

నాన్న చదివాడు. మళ్ళీ చదివాడు.

“ఏటే ఇది? ఇప్పు.”

కోపమొస్తే నాకు హిందీయే వచ్చేది. “పహ్లే రీజన్ లిఖో,” అన్నాను. ముందు నువ్వు కారణం రాయి అని. స్కూటర్ ముందునుంచి కదల్లేదు.

అమ్మ గుమ్మంలోంచి చూసి, “బాగుంది. రేపు నాను పొయ్యికి కడతాను. అప్పుడు తెలుత్తాది ఇద్దరికీ,” అంది.

ఒక్క లాగు లాగితే తెగే తాడు అది. చెంప మీద ఒకటిస్తే నేనే విప్పేదాన్ని. నాన్న రెండూ చేయలేదు. క్యారేజీ చేత్తో పట్టుకుని, గేటు తీసుకుని నడిచి వెళ్ళిపోయాడు. వెనకనుంచి ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది. కానీ విప్పలేదు.

మధ్యాహ్నం చెమటలు కక్కుతూ వచ్చాడు. సైకిలు పక్కన పీట వేసుకుని, జేబులోంచి పెన్ను తీసి, ఆ ఖాళీ గడి వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఏమీ రాయలేదు. చివరికి తాడు విప్పి ట్యాగు నా చేతిలో పెట్టాడు.

“రాద్దామనే కూకున్నాను... ఏటీ దొరకలేదే,” అన్నాడు.

నేను పరుగెత్తుకెళ్ళి స్కూటర్‌ది విప్పాను.

సెలక్షన్‌లో నన్ను తీసుకోలేదు. ఎందుకని అడిగాను. వేగం చాలదన్నారు. సరే... అదైనా ఒక కారణం.

ఇప్పుడు ఆపే మాటలు మెత్తబడ్డాయి. ‘నాట్ అడ్వైజబుల్’ అంటారు, ‘పాలసీ’ అంటారు, ‘మీ మంచికే’ అంటారు. అదీ నవ్వుతూ. ప్రతిసారీ నేను అదే అడుగుతాను, రీజన్ ఏమిటని. ఆఫీసులో మొండిఘటమని పేరొచ్చింది. రానీ.

కానీ తన నియమానికి తానే కట్టుబడి, క్యారేజీ పట్టుకుని షిఫ్ట్‌కి నడిచి వెళ్ళిన మనిషిని మాత్రం... ఆపేవాళ్ళలో మళ్ళీ చూడలేదు.

మీ చిన్నప్పుడు మిమ్మల్ని ఆపిన మాట ఏది? ఎవరు కట్టారు, ఎవరు విప్పారు? కింద రాయండి... రీజన్ గడి మాత్రం ఖాళీగా వదలకండి.