చెనక్కాయలతో ఓట్ల లెక్క

ఆ ఏడు మబ్బులు మా ఊరి మీదుగా పోతూనే ఉన్నాయి. ఒక్కటీ ఆగలేదు. బావులన్నీ అడుగంటాయి. అమ్మా నేనూ ఎండిన వంకలోకి దిగి, ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్ళు చిప్పతో ముంచి తెచ్చుకునేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. అమ్మకు అప్పటికే నడుము పడిపోయింది.

సరిగ్గా అప్పుడే నాయన సమితి ప్రెసిడెంటు పదవికి నిలబడ్డాడు. ఆయన మా ఊరి సర్పంచి. చుట్టుపక్కల ఊళ్ళ సర్పంచులంతా చాటుగా ఓట్లేసి, తమలో ఒకరిని సమితికి పెద్దను చేసుకోవాలి. కొత్త బావి ముందు ఏ ఊరికో ఆ పెద్ద చేతిలోనే ఉంటుంది.

"నేను గెలిస్తే మొదటి బావి మనూరికే. నిన్నింక వంకకు పోనీను," అని అమ్మకు మాటిచ్చాడు నాయన. అమ్మ నమ్మింది. నాకైతే అప్పుడే కొత్త బావిలో బిందె మునిగిన చప్పుడు వినిపించింది.

ఓట్ల లెక్క నాకు అప్పగించారు. ఇంట్లో హైస్కూలు గడప తొక్కినదాన్ని నేనే మరి! కాగితం మీద రాస్తే ఎవరి కంటన్నా పడుతుందని నాయన భయం. అందుకని సర్పంచికొక చెనక్కాయ. మావాళ్ళు తూర్పు గోడ గూట్లో. పోటీకి నిలబడిన పక్కూరి పెద్దాయన మనుషులు పడమటి గూట్లో. ఎటూ తేల్చనివాళ్ళు నా ఒళ్ళో. అమ్మ తమ్ముడు, మా మామ, పక్కనే ఇంకో ఊరికి సర్పంచి. తూర్పు గూట్లో మొదటి కాయ ఆయనదే.

మధ్యాహ్నాలు ఇల్లంతా ఎండకు జోగేది. కాయలు వేళ్ళతో తిప్పుతూ కూర్చుంటే ఒక్కొక్కటీ మనిషయ్యేది. వంకర కాయేమో గుత్తి వైపు సర్పంచి, మెడ పక్కకు వాల్చి మాట్లాడేవాడు. నడుము సన్నకాయ గార్లదిన్నె దారిలో ఆయన. మెల్లగా కళ్ళు మూతపడేవి. కలా కాదు, మెలకువా కాదు. వాళ్ళంతా పంచెలు ఎగ్గట్టి వరసగా వంకలో దిగేవాళ్ళు, తవ్విన చోటల్లా నీళ్ళు ఉబికేవి, ఆ నీళ్ళలో అమ్మ పాదాలు పెట్టుకుని కూర్చునేది. ఉలిక్కిపడి లేచి చూస్తే ఒళ్ళో ఒక కాయ తక్కువ. మా అవ్వ పక్కనే దవడ ఆడిస్తూ ఉండేది.

"లొట్టకాయే పాపా, లోపల గింజ లేదు. వాన్ని నమ్ముకోవద్దు," అనేది నిబ్బరంగా. నాకు ఒళ్ళు మండేది. ఇంకో కాయ తెచ్చి పెట్టేదాన్ని.

సాయంత్రాలు సర్పంచులు వచ్చేవాళ్ళు. అమ్మ సంగటి, నంజుకోను ఊరిబిండి పెట్టేది. వాళ్ళు తిని, చెయ్యి కడుక్కుని, "నీకేలేప్పా!" అని పోయేవాళ్ళు. అలా ఒళ్ళో కాయలన్నీ గూళ్ళకు చేరాయి.

ఎన్నిక నాటి పొద్దున కడసారి లెక్కపెట్టాను. మా గూట్లో ఒక్కటంటే ఒక్కటే ఎక్కువ.

"నీ కాయా, పెద్దాయన కాయా వెయ్యలేదు నాయనా. ఎవురి ఓటు వాళ్ళకే కదా, చెల్లుకు చెల్లు," అన్నాను. నాయన ఏదో అనబోయి ఆగి, తుండు భుజాన వేసుకుని బండెక్కాడు.

పగటి మూడో జాముకు బండి తిరిగొచ్చింది. ఒక్క ఓటుతో ఓడిపోయాడు. వెంట వచ్చిన మామను చూడగానే అమ్మ భగ్గుమంది. ముందు రోజు మామ ఆ పెద్దాయన అరుగు మీద కూర్చుని టీ తాగాడని ఎవరో చెప్పి ఉన్నారు.

"నా తోడబుట్టి నా గొంతు కోస్తివి కదరా!"

"నీ మీద ఒట్టక్కా, బావకే ఏసినా."

"ఛీ! ఇంగ నా గడప తొక్కొద్దు, పో."

మామ కళ్ళనిండా నీళ్ళతో చెప్పులు తొడుక్కుంటున్నాడు. అప్పుడు నాయన నోరు విప్పాడు.

"వాన్ననొద్దు. వాడు నాకే ఏసినాడు. తప్పిన ఓటు నాది."

"నీదేంది నాయనా?" అన్నాను.

"పంక్తిలో కూచున్నోడు గరిటె లాక్కోని తనకు తానే వడ్డించుకుంటాడా? నా పేరుకు నేనే ఏసుకునేకి చెయ్యి రాలేదు పాపా. పెద్దాయనకే ఏసినా. ఆయప్ప గూడా నాకేస్తాడనుకుంటి."

"ఏసినాడా?" అంది అమ్మ.

"ఏసింటే గెలిచుందుము గదా."

నవ్వాలో, గోడకు తల కొట్టుకోవాలో తెలియలేదు నాకు. నా లెక్క నిక్కచ్చిగా సరిపోయింది, అదీ నా ఏడుపు! అమ్మ తమ్ముడి చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చి, కూర్చోబెట్టి, సంగటి పెట్టింది. ఆ తర్వాత కడవ తెచ్చి నాయన ముందు దించింది.

"నీ మర్యాద సల్లగుండ. దానికి నీళ్ళు మోసేది మాత్రం నాతో కాదు. నువ్వే పో."

మా ఊళ్ళో మగవాడు ఇంటి నీళ్ళకు కడవ పట్టడం అంతవరకూ లేదు. సర్పంచి అసలే లేదు. నాయన కాసేపు కడవ వంక చూశాడు. ఎన్నికకని కట్టుకున్న తెల్లపంచె మోకాళ్ళ పైకి చెక్కి, కడవ భుజాన పెట్టుకుని వీధిలోకి నడిచాడు. అరుగుల మీదవాళ్ళు మెడలు సాచి చూశారు.

"ఏమప్పా సర్పంచీ, యాడికి?" అన్నారు ఎవరో.

"నీళ్ళకప్పా," అన్నాడు నాయన, తల దించకుండా.

ఆ రోజుతో అమ్మ వంకకు పోవడం మానేసింది.