తెల్ల తాత కట్టిన గోడ

తెల్ల తాత అని మేం పిలుచుకునే బిషప్‌గారు నా చిన్నప్పటికే ముసలాయన. ఆయనది ఇటలీ. పాతికేళ్ళ వయసులో ఓడెక్కి వచ్చి, మా గౌలిపుర పాలవాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. పూజలో పుస్తకాల తెలుగు, బయట బర్రెల కొట్టం తెలుగు మాట్లాడతాడని మా నాన్న నవ్వేవాడు. సైకిలు మీద తిరిగే ఫాదర్‌గా మొదలై, మేస్త్రీలతో కలిసి తాపీ పట్టి, చివరికి బిషప్ అయ్యాడు. టోపీ మారింది గానీ భాష మారలేదు.

నాకు పదేళ్ళప్పుడు, నాన్న బస్సు డిపోలో డ్యూటీలో ఉన్న ఒక మధ్యాహ్నం, అమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. పక్కింటి మంత్రసాని పురుడు పోసింది. తమ్ముడు జానెడు ఉన్నాడు. ఏడవలేదు, ఊపిరి మాత్రం ఆడుతోంది. అమ్మకు స్పృహ లేదు. "వీడు దక్కడు బిడ్డా. మీ దేవునికి చేసేదేమన్న ఉంటే జల్ది చెయ్యి" అంది మంత్రసాని.

ఏం చేయాలో నాకు తెలుసు. చర్చిలో మాకు జపాలు నేర్పే ఉపదేశి బట్టీ పట్టించాడు. పసిబిడ్డ ప్రాణం పోయేలా ఉండి, ఫాదర్ అందుబాటులో లేకపోతే, ఎవరైనా సరే తలమీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. చిన్నపిల్లలైనా ఇవ్వవచ్చు. నీళ్ళ కుండ మూలనే ఉంది. కానీ ఆ పొద్దున్నే నేను అమ్మ దాచిన బెల్లం తిని, తినలేదని అబద్ధమాడాను. ఆ పాపం ఇంకా ఫాదర్ దగ్గర ఒప్పుకోలేదు. పాపిష్టి చేత్తో పోస్తే ఆ నీళ్ళు పనిచేయవనుకున్నాను. మా చర్చి ఫాదర్‌నే తీసుకొద్దామని మొఘల్‌పురా గల్లీల వెంట పరుగెత్తాను. ఆయన సైకిలు వెనక కూర్చుని తిరిగొచ్చేసరికి మంత్రసాని తమ్ముడి మొహం కప్పేసింది.

జ్ఞానస్నానం లేని బిడ్డకు సమాధుల తోటలో చోటు లేదు. ఆ రోజుల్లో పద్ధతి అది. గోడ అవతల ముళ్ళకంపల మధ్య అలాంటి పిల్లల వరుస ఒకటి ఉండేది. పేర్లు లేవు, శిలువలు లేవు. ఉపదేశి ఆ సంగతి చెబుతుండగానే నాన్న తన భుజం మీది తువ్వాలు తీసి తమ్ముణ్ణి చుట్టాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నాలుగు తన్ని ఉంటే బాగుండేదేమో.

మర్నాడు మట్టి చేసే వేళకు, ఫాదర్ కబురు పెట్టాడు కాబోలు, తెల్ల తాత వచ్చాడు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆయన ఆ తెల్ల అంగీతోనే నా పక్కన మట్టిలో చతికిలబడి, ఏమైందని అడిగాడు. బెల్లంతో సహా అంతా చెప్పేశాను. ఆయన గోడ మీద చెయ్యి వేశాడు.

"ఈ గోడ ఎవరు కట్టిన్రో ఎరికేనా బిడ్డా? నేనే. ముప్పై ఏండ్ల కింద ఈ చేతులతోనే సున్నం కలిపిన. పిల్లలను బయట పెట్టి పునాదికి ముగ్గు పోసింది గూడ నేనే. మా ఊర్ల మా అమ్మకు గూడ గిట్ల గోడ బయట ఒక కొడుకున్నడు. ఆమె ఏడుస్తుంటే చూసిన. చూసి గూడ కట్టిన."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు తమ్ముని కోసం ఉరికినవ్. నేను గోడ కట్టిన. తప్పు నీది గాదు."

"మరి పడగొట్టు తాతా" అన్నాను.

"లోపల తమోళ్ళను పండబెట్టుకున్నోళ్ళు ఊకోరు బిడ్డా. మస్తు లొల్లి అయితది. నేనేమో పరాయి దేశపోణ్ణి. జర ఆగు."

ఆ మాట నాకు నచ్చలేదు. బిషప్ అయ్యుండి భయపడ్డాడనుకున్నాను. ఇప్పటికీ కొంత అలాగే అనుకుంటాను.

మరో ఆరేళ్ళకు ఆయన పోయాడు. ఇటలీ నుంచి తమ్ముళ్ళు రమ్మని ఉత్తరాలు రాసినా వెళ్ళలేదు. పెద్ద చర్చిలో, వెనకటి బిషప్పుల పక్కన, ఆయనకు చోటు సిద్ధంగా ఉంది. కానీ తనను ఆ గోడ అవతల, పిల్లల వరుస చివర పాతిపెట్టమని సొంత చేత్తో రాసి పెట్టాడు. పెద్దలు రోజంతా వాదించుకుని, చనిపోయినవాడి మాట కాదనలేక అలాగే చేశారు.

అప్పుడు మొదలైంది వాళ్ళకు అసలు తంటా. బిషప్ సమాధి బయట ముళ్ళల్లో, కుక్కలు తిరిగేచోట ఉంటే చర్చికి మర్యాదేనా? నెల తిరక్కుండా మేస్త్రీలొచ్చి గోడ పడగొట్టారు. ఆయన సమాధిని చుట్టి కొత్తది కట్టారు. ఆయన్ను లోపలికి తెచ్చుకోవాలంటే ఆ పిల్లల వరుసంతా లోపలికి రాక తప్పదు. పిల్లల కోసం జరగని గోడ పెద్దాయన కోసం జరిగింది. బతికుండగా చేయలేని పనిని శవంతో చేయించాడు మహానుభావుడు. అమ్మ ఆ రోజు మొదటిసారి తమ్ముడి దగ్గరికి వచ్చింది.

తర్వాత నేను నర్సునై, పురుళ్ళ వార్డులోనే రిటైరయ్యాను. నా చేతుల్లో పోయిన పిల్లలున్నారు. అంతా తన వల్లేనని తల్లి గుండెలు బాదుకుంటుంటే, ఆమె పక్కన నేలమీద కూర్చుని "నువ్వు ఉరికినవ్ బిడ్డా, తప్పు నీది గాదు" అని చెప్పేదాన్ని. చాలామంది నమ్మారు. నాకు నేను చెప్పుకున్నప్పుడు మాత్రం, ఆ మూలనున్న నీళ్ళ కుండ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.