చెరువుకి ఇవ్వనన్న బానెట్టు

మొన్న మా బాబాయి పోయారు. కొల్లేటికోట దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద కరెంటు కొట్టింది. ఏలూరులో పాత కార్ల సామాను అమ్ముకునే మనిషికి చెరువు గట్టు మీద ఏం పని అని పరామర్శకు వచ్చినవాళ్లంతా అడిగారు. చెబుతాను.

తాడేపల్లిగూడెం వెళ్లే రోడ్డులో ఆయన షెడ్డు, వెనకే ఇల్లు. కాలవలో పడ్డ స్పోర్ట్స్ కారు ఒకటి ఆ మధ్య కొన్నారు. ఇంజను నీళ్లపాలైంది కాని బానెట్టు, డోర్లు బాగున్నాయి. అన్నీ కార్బన్ ఫైబర్. పిన్ని బానెట్టును ఒంటిచేత్తో ఎత్తి, "అప్పడంలా ఉంది. దీనికా మీరు ఉన్నదంతా పోసింది?" అంది. సాయంత్రమైతే బాబాయి గాలికి ఈడ్చుకుపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో ఇటుక పెట్టేవారు. "బరువుంటే ఎవడైనా కొంటాడు, తేలికైనదానికి తెలిసినవాడు రావాలి" అనేవారు.

తెలిసినవాడు రాలేదు. వచ్చినవాళ్లంతా కైకలూరు, మండవల్లి చెరువుల వాళ్లే. చెరువులో నీళ్లు చిలికే మోటార్లకు గట్టు మీద స్టార్టర్ పెట్టెలుంటాయి. తుప్పు పట్టని ఈ బానెట్టు వాటి మీద కప్పితే వానకు భయం లేదని వాళ్ల ఆశ. బాబాయి విస్తరి ముందు కూర్చోబెట్టి వడ్డిస్తున్నంత మర్యాదగా కసిరేవారు.

"ఏవండీ, ఇది ప్లాస్టిక్ కాదండీ. బొగ్గు దారాలండీ, కరెంటు పారుద్దండీ. తమరు పోతే నాకేం బాధ లేదండీ. మీ దగ్గర కూలికొచ్చినవాడు పోతాడండీ."

ఆ చాదస్తం ఇంట్లోనూ ఉండేది. బల్బు మార్చాలంటే మెయిను కట్టేసి రావాల్సిందే. కరెంటు పోయింది కదా బాబాయ్ అంటే, "పోవడం వేరు, కట్టేయడం వేరు" అని నెత్తి మీద మొట్టేవారు. నా చేతులు ఇవాళ సవ్యంగా ఉన్నాయంటే ఆ మొట్టికాయల పుణ్యమే.

"కొన్నది అమ్ముకోవడం రానివాడికి వ్యాపారమెందుకు?" అన్నాడు పిన్ని తమ్ముడు, ఆయన ఎదుటే, ఆయన ఇంటి కాఫీ తాగుతూ. బాబాయి జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ మహానుభావుడే షెడ్డు తాళం తీసి బానెట్టును కొల్లేటికోట రైతుకు అమ్మేశాడు. పైగా బత్తాయిలు పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చుని, "శుభవార్త బావగారూ!" అని మొదలుపెట్టాడు.

బాబాయి సెలైన్ సూది పీకించుకుని ఆటో ఎక్కారు. తర్వాత జరిగింది ఆ చెరువు దగ్గర పనిచేసే అతను చెప్పాడు.

"అప్పుడే వాన ఎలిసిందండీ. కరెంటు పోయింది. ఫ్యూజేమోనని బానెట్టు ఎత్తబోయానండీ. పెద్దాయన ఆటో దిగి అరుచుకుంటా వచ్చి నన్ను తోసేశారండీ, బురదలో పడ్డాను. ఆయనే బానెట్టు పట్టుకుని లాగారండీ. అప్పుడే కరెంటొచ్చిందండీ. ఆయన పడిపోయేదాకా నేను తిడతానే ఉన్నానండీ."

పెట్టెలో ఒక తీగ తొడుగు ఊడి, బానెట్టు అంచున పూత లేచిన చోట ఆనుకుని ఉందట. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. జన్మంతా మాకు చెప్పిన ముక్క ఆ ఒక్క క్షణం ఆయనే మరిచిపోయారు.

పెద్దకర్మ నాడు ఆ రైతు కూడా వచ్చాడు. కడుపునిండా తిని, "దేవుడిలాంటి మనిషండీ" అని నిట్టూర్చి, చెయ్యి కడుక్కుంటూ పిన్నిని అడిగాడు.

"డోర్లు కూడా ఉన్నాయంట కదండీ? ఇచ్చేయండమ్మా. బానెట్టు బాగానే పనికొస్తంది. కింద చెక్క పెట్టించాంలెండి."

"ఉన్నాయండీ, చూపిస్తాను" అంటూ పిన్ని తమ్ముడు లేచాడు.

"చెరువుకి ఇవ్వమండీ" అంది పిన్ని.

పెరట్లో ఏదో గీసుకుంటున్న చప్పుడైంది. ఆయన పోయాక ఇటుకలు పెట్టే దిక్కు లేక, కొల్లేరు గాలికి డోర్లు నేల మీద ఈడ్చుకుపోతున్నాయి. పిన్ని వెళ్లి ఒకదాన్ని కాలితో ఆపి, ఇటుక పెట్టింది. కాసేపు చూసి దాని మీద ఇంకొకటి పెట్టింది.