మృగశిర నాటి వాలుగ తలకాయ

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో నన్ను చీమ కుడితే, వీధి మలుపు తిరిగేసరికి అది తేలవుతుంది, బస్టాండు చేరేసరికి ఆ తేలును నేను ఉత్త చేతులతో పట్టుకుని ఉంటాను. సూర్యాపేటలో నా హార్డ్‌వేర్ దుకాణానికి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. నా మాటల్లో పావు వంతు నమ్ముతారు, మేకులు మాత్రం దగ్గరుండి తూకం వేయించుకుంటారు. మీరూ అలాగే చదవండి. ఇందులో ఒక్క ముక్క పచ్చి కల్పన. అదేదో చివర నేనే చెబుతాను.

మృగశిర కార్తె మొదలయ్యే రోజు చేప వండని ఇల్లు మా వైపు దాదాపు ఉండదు. రోహిణి ఎండలకు కాగిన ఒంట్లో ఆ రోజు ఒక్క చేప ముక్కయినా పడితే, వానాకాలం జబ్బులు గుమ్మం దాకా వచ్చి వెనక్కు పోతాయని నమ్మకం. పొద్దున్నే చేపల బజారులోకి వెళ్తే మన కాళ్ళు నేలకు ఆనవు. జనమే మోసుకుపోయి జనమే బయట పారేస్తారు. ఒకసారి నేను రవ్వ చేప కొనడానికి లోపలికి వెళ్ళి, ఎవరిదో చెప్పు ఒకటి, ఎవరి పిల్లవాడినో ఒకణ్ణి పట్టుకుని బయటపడ్డాను. పిల్లవాణ్ణి తిరిగి ఇచ్చేశాను.

కోదాడలో మా అత్తగారింట్లో దీనికి తోడు ఇంకో ఆచారం ఉంది. చేప తెచ్చిన అల్లుడికే తలకాయ. పులుసు ఎంతమందికైనా సాగుతుంది, తలకాయ మాత్రం ఒక్కటే. మామగారు తానే గరిటె పట్టుకుని, గిన్నె అడుగు నుంచి దాన్ని పైకి తీసి, అందరూ చూస్తుండగా ఆ అల్లుడి కంచంలో వడ్డిస్తారు. నేను ఆ ఇంటి పెద్దల్లుణ్ణి. చాలా ఏళ్ళు ఏకైక అల్లుణ్ణి కూడా. పోటీ లేని ఎన్నికలో గెలిచినట్టు యేటా తలకాయ నాకే వచ్చేది. నేను దాన్ని నా ప్రతిభ అనుకున్నాను.

తర్వాత మా మరదలికి పెళ్ళయింది. ఆమె మొగుడు, అంటే నా సడ్డకుడు, మిర్యాలగూడలో రైస్ మిల్లు మిషన్లు చూసుకుంటాడు. మాట తక్కువ మనిషి. పోయిన యేడు నేను ఐసులో పెట్టించిన రవ్వలు పట్టుకుని వెళ్తే, అతను బకెట్లో ప్రాణాలతో ఈదుతున్న కొర్రమీనును తీసుకొచ్చాడు. మామగారు రెండింటినీ చూశారు. ఆ పూట తలకాయ నా కంచం పక్క నుంచి, గాల్లో పులుసు చుక్కలు రాలుస్తూ, అతని కంచంలోకి వెళ్ళింది. నాకు ఆకలి లేదని లేచిపోయాను. నా ముఖం చూసి మా అత్తమ్మ జ్వరం బిళ్ళ తెచ్చి ఇచ్చింది.

కాబట్టి ఈ యేడు తలకాయ నాది కావాలి. కాకపోతే సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే మీద తల ఎత్తుకుని బండి నడపలేను.

కార్తె ముంగిట్లో సడ్డకుడే ఫోన్ చేశాడు. ఆన్‌లైన్లో గాలం కర్రలు రెండు తెప్పించాడట. సాగర్ వెనక నీళ్ళలోకి పోదామన్నాడు. "కూసొని ఎదురుసూసుడు కాదన్నా. పడవ ఎనక గాలం ఈడ్సుకుంట పోవాలె. ప్లాస్టిక్ చేప కుంటుకుంట ఉరుకుతది, పెద్ద చేప దాన్ని సూసి ఆగలేదు." వెంటనే ఒప్పుకున్నాను. ఒక్క షరతు పెట్టాను. ఒకే పడవ, రెండు గాలాలు, ఎవరి గాలానికి పడితే తలకాయ వాళ్ళది. సరే అన్నాడు. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను. కోదాడకు ఫోన్ చేసి, ఈసారి బజారు చేప ఆ గడప తొక్కితే నేను తొక్కనని ప్రకటించాను. అత్తమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టి ఉందని తర్వాత తెలిసింది. ఇంటి నిండా చుట్టాలు, అందరూ విన్నారు. ఇక వెనక్కు తీసుకోలేను.

ఆ రోజు తెల్లవారకముందే మిర్యాలగూడలో సడ్డకుణ్ణి ఎక్కించుకుని, త్రిపురారం మీదుగా సాగర్ దారి పట్టాను. అక్కడ తెలిసిన చేపలాయన పడవ మాకిచ్చేసి, తాను రాత్రి పట్టిన చేపలతో బజారుకు ఉరికాడు. మృగశిర నాడు ఖాళీగా పడవలో కూర్చునే చేపలవాడు ఎక్కడైనా ఉంటాడా? చిన్న మోటారు పడవ. మోటారు దగ్గర సడ్డకుడు, ముందు నేను. నా దుకాణంలోని పైపు ముక్కలను రెండు వైపులా తాళ్ళతో బిగించి, వాటిలో గాలం కర్రలు నిలబెట్టాము. కుడివైపుది నాది, ఎడమవైపుది అతనిది. నాకు ఎర్ర ప్లాస్టిక్ చేప, అతనికి ఆకుపచ్చది. ఎరుపు చేపలకు బాగా కనబడుతుందని గట్టిగా వాదించి తీసుకున్నాను.

చుట్టూ ఎండకు కాలిన కొండలు. నీళ్ళు తగ్గి, కొండల పాదాలు తెల్లగా బయటపడి, పంచె ఎగగట్టిన పెద్దమనుషుల్లా నిలబడి ఉన్నాయి. ఆ నీళ్ళ వెడల్పు చూస్తే అవతలి ఒడ్డుకు చేరేలోపు మనకు పింఛను వస్తుందనిపించింది.

అసలు కష్టం వేగంతో వచ్చింది. గాలం ఈడ్చేటప్పుడు పడవ పెళ్ళి బరాత్ నడిచినట్టు నడవాలి. కాస్త వేగం పెంచితే ప్లాస్టిక్ చేప నీళ్ళ మీద ఎగురుతుంది, తగ్గిస్తే మునిగి రాళ్ళలో ఇరుక్కుంటుంది. మిల్లులో పెద్ద మిషన్లు నడిపే చెయ్యి కదా, మా సడ్డకుడు మోటారును ముట్టుకుంటే అది విమానమై పోతోంది. నాకో ఉపాయం తట్టింది. టిఫిన్ డబ్బా బోర్లించి బరాత్ డప్పు దెబ్బ మొదలుపెట్టాను. ఆ దెబ్బకు తగ్గట్టు మోటారు నడపమన్నాను.

"చప్పుడైతే చేపలు పోతయన్నా," అన్నాడు.

"మన దిక్కు చేపలు. డప్పు లేకుంటే రానే రావు," అన్నాను.

నమ్మండి, పడవ కుదురుకుంది. పెళ్ళికొడుకు గుర్రమంత పొందికగా నడిచింది. రెండు దారాలు వెనక సాగుతూ, దూరంగా రెండు ప్లాస్టిక్ చేపలు కుంటుతూ వస్తున్నాయి. నేను వాయిస్తున్నాను. కొండలు తిరిగి వాయిస్తున్నాయి. నా పెళ్ళిలో కూడా నేను అంత ఉత్సాహంగా లేను.

మొదట నాకే పడింది. కర్ర విల్లులా వంగింది. లేచి గుంజాను, అది కదల్లేదు, పడవే వెనక్కు పోయింది. తిమింగలం అన్నాను. సడ్డకుడు తొంగిచూసి రాయి అన్నాడు. చాలాసేపు కుస్తీ పట్టాక దారం చేతికొచ్చింది. గబగబా చుట్టి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేశాను. తర్వాత మొసలి కనబడింది. తాటి దుంగంత ఉంది, నిజంగా అది తాటి దుంగే అని దగ్గరికి వెళ్ళాక తేలింది. కానీ దగ్గరికి వెళ్ళిన ధైర్యం ధైర్యమే కదా.

పొద్దు నడినెత్తికి వచ్చింది. చేప లేదు. నా భార్య ఫోన్ చేసింది.

"ఏడున్నరు? ఈడ చింతపండు నానీ నానీ నీళ్ళయింది. మసాలా నూరిపెట్టినం. నాన్న ఇప్పటికి ఎన్నిసార్లు వాకిట్లకు పోయొచ్చిండో. బజారుకు మనిషిని పంపుదమంటే అమ్మ వద్దంటుంది, అల్లుడు మాటిచ్చిండంట."

చేప పడవలోనే ఉందని చెప్పబోయి, ఒక్క క్షణం తమాయించుకుని, దారిలో ఉందన్నాను. ఫోన్ జేబులో పెట్టాను. తలకాయ సంగతి తర్వాత, అసలు తోక కూడా లేకుండా ఆ ఇంట్లో అడుగు ఎలా పెట్టడం? ముసలాయన అరవై మృగశిరలు చేప తిన్నాడు, నా నోటి దురుసు వల్ల ఈ యేడు పప్పు తినాలి. డప్పు దెబ్బ మారిపోయింది. బరాత్ పోయి, పూనకం దెబ్బ వచ్చింది. సడ్డకుడు కూడా ఆ దెబ్బ వెంటే మోటారు నడిపాడు.

అప్పుడు పడింది.

కుడి కర్ర, అంటే నాది, ఒక్కసారిగా నీళ్ళను ముద్దుపెట్టుకుంది. దారం చుట్టే చక్రం కేకలు పెట్టింది. నా పైపు ముక్క విరిగిందా అని చూశాను, విరగలేదు, దుకాణం పేరు నిలిచింది. కర్ర లాగి పట్టుకున్నాను. అవతల దున్నపోతు కట్టేసినట్టుంది. సడ్డకుడు మోటారు ఆపేసి, నా నడుము పట్టుకుని, జర వదులు, ఇప్పుడు చుట్టు, మళ్ళీ వదులు అంటూ నా చెవిలో ఒకటే చెబుతున్నాడు. చేప పడవ కింది నుంచి ఈ పక్కకు దూరింది. మేమూ ఈ పక్కకు దూకాము. పడవ ఒరిగి, టిఫిన్ డబ్బా నీళ్ళలో పడి, పులిహోర మొత్తం సాగర్ పాలయింది. చివరికి అది పైకి తేలింది. వాలుగ. పొలుసు లేని వెండి ఒళ్ళు, చెవుల దాకా చీలిన నోరు, నా మీసాలను చూసి నవ్వుకునేంత పొడుగు మీసాలు. నేను పడుకుంటే నా పక్కన అది పడుకునేంత ఉంది. సరే, సగం. సడ్డకుడు వల గంపలోకి దాన్ని ఎత్తేశాక ఇద్దరం పడవ అడుగున కూలబడి, ఊపిరి ఆడక, ఒకరినొకరు చూసుకుని వెర్రివాళ్ళలా నవ్వుకున్నాము.

హుజూర్‌నగర్ దాటేదాకా నేను బండి నడపలేదు, ఊరేగించాను.

కోదాడలో పొద్దువాలే వేళకు పులుసు దిగింది. అందరం వరుసగా కూర్చున్నాము. మామగారు గరిటెతో తలకాయను పైకెత్తారు. వాలుగ తలకాయ, గరిటెకు సరిపోక అటూ ఇటూ ఊగుతోంది.

"ఇంతకీ ఎవరి గాలానికి పడిందయ్యా ఇది?" అన్నారు.

నేను నోరు తెరిచాను. అందులోకి చెంబెడు నీళ్ళు వంచుకున్నాను.

"అన్న గాలానికే మామా," అన్నాడు సడ్డకుడు అన్నం కలుపుకుంటూ.

తలకాయ నా కంచంలోకి వచ్చింది. మా ఆవిడ ముఖం గోడకున్న ట్యూబ్‌లైటు కన్నా ఎక్కువ వెలిగింది.

ఇప్పుడు మీకిచ్చిన మాట. కల్పన ఏమిటంటే, మీసాల పొడవు కాదు, దున్నపోతు బలం కాదు, డప్పు అసలే కాదు. వంగింది కుడి కర్ర కాదు, ఎడమది. రాయితో కుస్తీ పట్టినప్పుడే నా ఎర్ర చేప తెగి అడుక్కు పోయింది. అప్పటి నుంచి నేను ఉత్త దారాన్ని సాగర్ అంతా ఈడ్చాను. ఆ సంగతి చెప్పలేక డప్పు గట్టిగా కొట్టాను. చేప పడగానే నేను పెట్టిన గోలకు పడవ తిరగబడేలా ఉందని, సడ్డకుడు తన కర్రను నా చేతుల్లో పెట్టి నా నడుము పట్టుకున్నాడు.

చేతులు కడుక్కునే దగ్గర అతణ్ణి అడిగాను, ఎందుకట్లా చెప్పావని.

"పోయినేడు తలకాయ తిన్నకాంచి మీ ఇంటికొస్తే వదిన నాకు చక్కెర లేని చాయ్ పోస్తున్నదన్నా. ఇంకో యేడు తాగుడు నాతోని కాదు," అన్నాడు.

తలకాయ మాత్రం నేనే తిన్నాను. అది నిజం. కళ్ళతో సహా.