అమ్మ తీసుకోని రొట్టె

చర్చిలో నెలకోసారి వచ్చే ప్రభు బల్ల ఆదివారం, రొట్టె పళ్ళెం మా వరుసకు వచ్చినప్పుడు, అమ్మ తీసుకోకుండా పక్కావిడకు అందించింది. నాకు భయం అప్పుడే మొదలైంది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. యలహంకలో మా తెలుగు సంఘం. రొట్టె తీసుకోనివాళ్ళను యేసయ్య రాకడలో, అంటే మళ్ళీ భూమికి వచ్చినప్పుడు, ఇంటివాళ్ళ నుంచి వేరుచేసేస్తాడని అనుకునేదాన్ని.

"దేవుణ్ణి వదిలేశావా అమ్మా?" అని దారిలో అడిగాను.

"లేదు పాపా. నిన్న నీళ్ళ కాడ ఎదురింటి సుశీలక్కను నోటికొచ్చినట్టు తిడితిని. ఆ నోటితో ఎట్ల తినేది?"

తప్పు ఒప్పుకోడానికి అటునుంచే వాళ్ళింటికి పోయింది. ఆమె తలుపు తీయలేదు. పై నెలా అమ్మ రొట్టె తీసుకోలేదు, కానీ ఒక్క ఆరాధనా మానలేదు, సుశీలక్క తలుపు తట్టడమూ మానలేదు. నేను మాత్రం రోజూ లేవగానే, అమ్మ ఉందా అని వంటింట్లోకి పరుగెత్తేదాన్ని. మూడో నెలలో ఆ తలుపు తెరుచుకుంది.

ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు. నిన్న ప్రభు బల్ల ఆరాధనలో ద్రాక్షరసం వాసన తగిలింది. గిన్నె నా దగ్గరికొచ్చింది. అత్తగారితో వారంగా మాటల్లేవు. తాగకుండా పక్కకు అందించాను. పిల్లలిద్దరూ బిక్కమొహాలతో నన్నే చూశారు. అమ్మకున్న ఓపిక నాకు లేదేమోనని రాత్రంతా భయపడ్డాను.

ఈ పొద్దున పిల్లలతో చెప్పాను: "నేనెక్కడికీ పోను. నానమ్మకు ఫోన్ చేస్తున్నా. ఎత్తకపోతే రేపూ చేస్తా."