వాల్యూమ్ తిప్పిన చెయ్యి

కోరుట్ల బస్టాండులో ఎలక్ట్రిక్ గిటార్ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. పక్కనున్న బుర్ఖా పెద్దావిడ, "అదేంది బిడ్డా?" అని అడిగింది.

"గిటార్, అమ్మా. వాల్యూమ్ తిప్పితే గరగరమంటుండె. పాత నాబ్ లోపలి పార్టుతో సహా పీకి కొత్తది ఏసిన."

"మంచిగైందా? జర వాయించరాదూ, నేను ఇంట."

యాంప్, అంటే స్పీకర్ పెట్టె, లేనిదే దాని గొంతు బయటికి రాదు. అయినా మెల్లగా మీటాను. ఆమె చెక్కకు చెవి ఆనించింది.

"ఇనవడ్తలేదు" అంటూ కొత్త నాబ్ తనే తిప్పింది. యాంప్ లేకుండా ఎంత తిప్పినా ఒకటేనని చెప్పబుద్ధి కాలేదు. ఆమె తిప్పినకొద్దీ నేను గట్టిగా మీటాను.

"ఆఁ, గిప్పుడు మంచిగ ఇనవడ్తుంది" అని నవ్వి, సిరిసిల్ల బస్సెక్కింది.

నా గదిలో ఆ నాబ్ ఇప్పటికీ గరగరమనకుండా తిరుగుతుంది. నేనొక్కదాన్నే కదా, తిప్పాలంటే వాయించే చెయ్యి ఆపాలి.