జి.ఎం. గారి వాటా

ఆ రోజుల్లో పెద్ద జీతగాళ్ల జీతాలు పేపర్లో వేసేవారు కాదు. అందువల్ల మాబోటివాళ్లకి రక్తపోటు కూడా తక్కువగానే ఉండేది. ఇప్పుడు పొద్దున్నే ఏదో ఒక కంపెనీ పెద్దాయన ఏడాదికెంత పట్టుకెళుతున్నాడో ఫోటోతో సహా చదవడం, టీకొట్టు బల్ల మీద అరచేత్తో గుద్దడం నాకు అలవాటైపోయింది. బల్ల ఏం పాపం చేసిందండీ అని కొట్టతను అడుగుతాడు. పాపం బల్లది కాదు. నాకు ఒక జి.ఎం. గారు గుర్తొస్తారు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు నిండలేదు. కాకినాడలో ఓ ఎరువుల గోడౌన్లో బస్తాలు మోసే ముఠాలో చేరాను. (బడి మొహం చూసింది తక్కువ. యూరియా బస్తాల మీది అచ్చక్షరాలతో మొదలెట్టి, పకోడీ పొట్లాల కాగితాలతో చదువు పూర్తిచేశాను. అందుకని నన్ను ‘ప్రొఫెసరు’ అనేవారు.) మా ముఠాకి ఒక కట్టుబాటు ఉండేది. ఎవడెన్ని మోశాడన్నది లెక్క కాదు. ఆ రోజు బస్తా కింద వీపు పెట్టిన ప్రతివాడికీ, ఒకప్పుడు పెట్టి నడుం పోగొట్టుకున్నవాడికీ సమానవాటా. సాయంత్రం టార్పాలిన్ మీద కూర్చుని పంచుకునేవాళ్లం. ఆ రెండో రకంలో మా మావయ్య ఉండేవాడు, మా అమ్మకి సొంత అన్న. వంగిపోయిన నడుంతో ఓ మూల కూర్చుని చిరిగిన బస్తాలు కుట్టేవాడు. ఆ వాటాతోనే వాళ్లింట్లో పొయ్యి వెలిగేది.

ఓ రోజు హెడ్డాఫీసు నుంచి జి.ఎం. గారు దిగారు. వచ్చీరాగానే ఆయన కన్ను మావయ్య మీద పడింది.

“ఈ ముసలాయన బస్తా మొయ్యడా?”

“మోసేశాడండి, ఆయ్,” అన్నాడు మా మేస్త్రి.

“ఎప్పుడు?”

“తవరు బళ్లో చదువుకునేటప్పుడండి.”

జి.ఎం. గారు నవ్వలేదు. “చేసినవాడికీ చెయ్యనివాడికీ ఒకటే అయితే ఇంక కష్టపడేదెవరయ్యా?” అని, కష్టమంటే ఏమిటో మాకు చూపించడానికి కోటు విప్పారు. (కాకినాడ ఎండలో కోటు!) వెంట వచ్చిన ఫోటోలతన్ని ఎదురుగా నిలబెట్టి, వీపు వంచి, “ఎత్తండి,” అన్నారు. మేస్త్రి “అలవాటు లేదండీ, వద్దండీ బాబూ” అంటున్నా వినలేదు. ఎత్తాం. మొదటి అడుగు బాగానే వేశారు. రెండోది వేశారనే చెప్పాలి. మూడోదానికి మోకాళ్లు రెండూ దేనికది వేరే నిర్ణయం తీసుకున్నాయి. ఆయన కూర్చున్నారు, ఆయన మీద బస్తా కూర్చుంది. ఫోటోలతను అలవాటుకొద్దీ నొక్కేశాడు.

సాయంత్రం పంపకం దగ్గర చిక్కొచ్చింది. ఎంతైనా వీపు పెట్టిన మనిషి కదా! “కట్టుబాటు కట్టుబాటేరా. ఆయన వాటా మనం తింటే అరుగుద్దా?” అన్నాడు మేస్త్రి. “మూడడుగులకే వాటా అంటే వామనుడేంట్రా!” అని ఎవడో అంటే మావయ్య కూడా నడుం పట్టుకుని నవ్వాడు. వాటా పట్టుకుని ఆయన దిగిన గెస్టుహౌసుకి నేనే వెళ్లాను. దాన్ని చూసి సిగ్గుపడతాడు, ఇక మావయ్య జోలికి రాడు అని నా ఆలోచన.

“ఏంటిది?”

“మీ వాటా అండి. ఒక్క బస్తాకి వీపు పెట్టినా మాలో సమానమేనండి.”

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి గట్టిగా నవ్వారు. “ఒక్క బస్తాకి, అదీ మొయ్యలేనివాడికి ఇంత ఇచ్చేస్తున్నారంటే మీకు బాగానే మిగులుతోందన్నమాట!” అని జేబులో వేసుకున్నారు. (సిగ్గు కోసం ఆయన మొహమంతా వెతికానండి. లేదు.)

వారం తిరక్కుండా కొత్త పద్ధతి వచ్చింది. కూలిరేటు తగ్గించారు. బస్తాకో రేకు బిళ్ల, ఎన్ని బిళ్లలుంటే అంత కూలి. మర్నాడు మావయ్య సూదీ పురికొసా పక్కన పడేసి, లారీ దగ్గర వరసలోకొచ్చి వీపు వంచాడు.

“ఎత్తండ్రా.”

ఎవరూ కదల్లేదు.

“ఎత్తమంటుంటే! ఏరా ప్రొఫెసరూ, నువ్వైనా ఎత్తరా.”

“లే మావయ్యా.”

“లేస్తే తినేదేంట్రా?”

లారీ ఖాళీ అయ్యేదాకా అలా వంగే ఉన్నాడు. సాయంత్రం తలో బిళ్లా ఆయన తుండుగుడ్డలో వేశాం. అదీ ఆఫీసుకి తెలిసింది. ఒకరి బిళ్లలు ఇంకొకరు మార్చుకోరాదని గోడ మీద కాగితం అంటించారు. ముఠాలో చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మావయ్య ఎదురుగానే, బిగ్గరగా, తప్పుల్లేకుండా చదివాను.

మావయ్య మళ్లీ గోడౌన్‌కి రాలేదు. వానలు వెళ్లకముందే పోయాడు. పాడె మోయడానికి ముఠా అంతా వచ్చింది. దానికి మాత్రం బిళ్లలివ్వలేదు. ఖర్చు తగ్గించినందుకు జి.ఎం. గారికి జీతం పెరిగిందని తర్వాత విన్నాం.

ఇప్పుడైతే ఆ వాటా పట్టుకుని వెళతావా అని నన్ను నేనే అడుగుతుంటాను. చచ్చినా వెళ్లనని పైకి అంటాను గానీ, వెళతానని లోపల తెలుసు. ఇంత వయసొచ్చీ, ఇన్ని చూసీ, ఎదుటివాడు కాస్త సిగ్గుపడతాడేమోనని మొహంలోకి చూస్తూ నిలబడే వెర్రిబాగులవాణ్ణే నేను. ఆ సంగతి తల్చుకుంటే నవ్వొస్తుంది, కోపం చల్లారకుండానే.